సూపర్‌మార్కెట్ కింద స్టేడియం

సాన్ లోరెన్సో అనే ఫుట్‌బాల్ క్లబ్ గురించి మీకు ముందే తెలిసుంటే, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదో సంజాయిషీ ఇచ్చుకోవాలి! దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ అంటే నాకు పెలే, మారడోనా, మెస్సీ. క్లబ్బులంటే బోకా, రివర్. అక్కడితో సరి. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లని కూచోబెట్టి బ్యూనస్ ఎయిర్స్‌లోని ఒక పేట కథ చెబుతున్నాను. అన్నం చల్లారిపోతోందని వంటింట్లోంచి కేకలు. అయినా ఆపట్లేదు.

కథ ట్రాముతో మొదలు. అల్మాగ్రో పేటలో పిల్లలు నడివీధిలో బంతాడుతుంటే ఒక కుర్రాడు ట్రాము కింద పడబోయి తప్పించుకున్నాడట. అది చూసి లోరెన్సో మాస్సా అనే ఫాదర్, మా చర్చి పెరట్లో ఆడుకోండర్రా, కాకపోతే ఆదివారం ప్రార్థనకి రావాల్సిందే అన్నాడు. అలా 1908 ఏప్రిల్ 1న క్లబ్ పుట్టింది. ఆయన పేరే పెడతామంటే వద్దన్నాడు. అదే పేరున్న సెయింట్‌కీ, 1813లో స్వాతంత్ర్య వీరుడు సాన్ మార్తిన్ గెలిచిన సాన్ లోరెన్సో యుద్ధానికీ గుర్తుగా అయితే సరేనన్నాడు. ఫాదర్ గారి నల్లంగీ పుణ్యమా అని ఆ క్లబ్ వాళ్లని ఈనాటికీ కాకులంటారు. కాకి అంటే మురిసిపోయే జనం!

1916లో పక్కనే బొయేదోలో, లా ప్లాతా అవెన్యూ మీద స్టేడియం వెలిసింది. కొయ్య గ్యాలరీలు. చూడ్డానికి గ్యాసు ట్యాంకులా ఉందని గసోమెత్రో అన్నారు. 1946లో ఫార్రో, పొంతోని, మార్తినో ముగ్గురూ ముందు వరసలో చెలరేగి ఛాంపియన్లయ్యారు. ఆ ఊపులో యూరప్ వెళ్లి స్పెయిన్ సెలెక్షన్ జట్టుని 7-5, 6-1 తేడాలతో ఓడించారు. పోర్చుగల్‌ మీద 10-4. పది గోల్సండీ, ఒక క్లబ్ జట్టు!

ఇక అసలు సంగతి. 1979లో అర్జెంటీనాలో సైనిక పాలన. క్లబ్ అప్పుల్లో ఉంది. అక్కడ రోడ్లేస్తాం, ఇళ్లు కడతాం అంటూ నగర పాలకులు స్థలం కోసం ఒత్తిడి పెట్టారు. డిసెంబర్ 2న బోకాతో ఆఖరి మ్యాచ్, 0-0. ఆ రోజు సాన్ లోరెన్సోకి పెనాల్టీ వస్తే, బోకా గోల్‌కీపర్ గత్తి ఆపేశాడు. ఆ తర్వాత రోడ్లూ రాలేదు, ఇళ్లూ రాలేదు. చేతులు మారి మారి అక్కడ లేచింది కార్ఫూర్ సూపర్‌మార్కెట్! పొంతోని గోల్స్ కొట్టిన చోట సబ్బులూ, నూనె డబ్బాలూ.

సొంత గడప పోయిన రెండేళ్లకే, 1981లో, చివరి మ్యాచ్‌లో అర్జెంటీనోస్ జూనియర్స్‌తో డ్రా చేసుకుంటే చాలు, గండం గట్టెక్కేది. మళ్లీ పెనాల్టీ వచ్చింది, మళ్లీ పోయింది. అవతలివాళ్లు తమ పెనాల్టీని గోల్ చేసి 1-0తో గెలిచారు. పెద్ద క్లబ్బులు అయిదింటిలో కింది డివిజన్‌కి జారిన మొదటిది ఇదే. మరి జనం మొహం చాటేశారా? 1982లో ఆ కింది డివిజన్ మ్యాచ్‌లకి పై డివిజన్ క్లబ్బులు కుళ్లుకునేంత మంది వచ్చారు! ఆ ఏడే తిరిగి పైకొచ్చారు. 1993 దాకా మాత్రం అద్దె మైదానాలే.

ఆ ఏడాది బాహో ఫ్లోరెస్‌లో కొత్త స్టేడియం కట్టుకున్నా, మనసంతా బొయేదోలోనే. ఎవరైనా ఏం చేస్తారు? పాత ఫొటోలు చూసి నిట్టూరుస్తారు. వీళ్లు చట్టం కావాలన్నారు. 2012 మార్చిలో నగరం నడిబొడ్డునున్న ప్లాసా దె మాయో కూడలికి లక్ష మంది వచ్చారంటారు. ఆ నవంబర్‌లో నగర శాసనసభ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆ స్థలం క్లబ్‌కి తిరిగొచ్చేలా చట్టం చేసింది. డబ్బు కోసం అభిమానులు తలా ఒక చదరపు మీటరు పేరు చెప్పి చందాలేశారు. 2019లో స్థలం చేతికొచ్చింది. సూపర్‌మార్కెట్‌ దగ్గర్నించి!

ఈ మధ్యలోనే, 2014లో, దక్షిణ అమెరికా క్లబ్బులన్నీ పోటీపడే లిబెర్టడోరెస్ కప్పు కూడా గెలిచారు. అది వీళ్లకి ఒక్కసారీ దక్కలేదని ప్రత్యర్థులు దశాబ్దాలుగా ఎగతాళి చేసేవాళ్లు. ఫైనల్‌లో పరాగ్వే క్లబ్ నాసియొనాల్‌ మీద గెలుపు గోల్ ఎలా వచ్చిందో తెలుసా? పెనాల్టీ! ఈసారి కొట్టిన ఓర్తిగోసా గురి తప్పలేదు. నేనయితే వీడియో చూస్తూ కుర్చీలోంచి లేచిపోయాను, ఫలితం ముందే తెలిసి కూడా.

ఆ కప్పు పట్టుకుని నేరుగా వాటికన్ వెళ్లారు. పోప్ ఫ్రాన్సిస్ ఈ క్లబ్ సభ్యుడు మరి, నంబర్ 88235. పిల్లాడిగా 1946 జట్టుని చూసినవాడు, పొంతోని గోల్ ముసలితనంలోనూ వర్ణించినవాడు. 1990లో టీవీ చూడనని మొక్కుకున్నాడు కాబట్టి, వాటికన్‌లో స్విస్ గార్డ్ ఒకతను స్కోర్లు రాసి ఆయన బల్ల మీద పెట్టేవాడు. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయేనాటికి వయసు 88. బ్యూనస్ ఎయిర్స్ గడియారంలో అప్పుడు తెల్లవారుజాము 2:35. ఒకసారి సభ్యత్వం నంబర్ మళ్లీ చూడండి. నాకు ఇలాంటి లెక్కల మీద నమ్మకం లేదు, అయినా ఒళ్లు జలదరించింది.

బొయేదోలో కట్టబోయే స్టేడియానికి ఆయన పేరే పెడతామంటున్నారు. నేను మాత్రం ఆగలేక అప్పుడే పక్షం తీసుకున్నాను. వీళ్లకి హురకాన్ అని పక్క పేట శత్రువు ఉంది. ఆ జట్టులో ఒక్క ఆటగాడి పేరు కూడా నాకు తెలీదు, కానీ నిన్న వాళ్లు ఓడిపోయారని చదివి స్వీట్ తిన్నాను.