సదస్సుకు వచ్చినవారికి ఊరు చూపిద్దాం

నంద్యాలకు సభలు కొత్త కాదు. దత్తమండలాలను రాయలసీమ అని పిలుచుకుందామని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించింది 1928 నవంబరులో, ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, ఈ ఊళ్లోనే. ఇప్పుడూ ఇక్కడి కాలేజీల్లో సెమినార్లు, సదస్సులు జరుగుతూనే ఉంటాయి. దూరప్రాంతాల నుంచి వచ్చినవారు పత్రాలు చదువుతారు, భోంచేస్తారు, శాలువా, జ్ఞాపిక అందుకుంటారు, సాయంత్రానికి రైలెక్కేస్తారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని వాకిట్లోంచే సాగనంపినట్టుంటుంది నాకు.

అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా తన మహాసభల్లో ఆ ఊరి గ్రంథాలయాల సందర్శనను కూడా చేర్చుకుంటుంది. ప్రతినిధులు జట్లుగా వెళ్తారు, ఆ చోటు తెలిసినవారు వెంట ఉండి చూపిస్తారు. మన సదస్సులకూ ఆ పద్ధతి రావాలని నా కోరిక. నంద్యాలలో చూపడానికి ఏముందని కొందరు అడుగుతారు. ఎంతో ఉంది. మ్యూజియంలో పెట్టదగ్గవన్నీ చుట్టుపక్కల ఊళ్లలో, కొండల్లో పరుచుకుని ఉన్నాయి. కావలసింది పుస్తకాన్నీ చోటునీ కలిపి చెప్పే మనిషి.

అందుకే ఈ యాత్ర గ్రంథాలయంలో మొదలవ్వాలి. మన ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సుతో నడిచే శాఖా గ్రంథాలయమే చాలు. ఎఱ్ఱన నృసింహ పురాణాన్ని బల్లమీద పెట్టి, అహోబిల క్షేత్ర కథను ఆయన కావ్యంగా మలిచాడని అక్కడే చెప్పాలి. ఆ తర్వాత ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం తీసుకెళ్తే, నల్లమల లోయ, ఉగ్రస్తంభం కొండ అతిథి కళ్లకు వేరేగా కనిపిస్తాయి. చదివింది కళ్లెదుట నిలబడితే కలిగే ఆనందం ఏ స్లైడు షోలోనూ దొరకదు.

దారిలో ఆళ్లగడ్డలో తప్పకుండా ఆగాలి. ఇక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుళ్లో పూజలందుకునే విగ్రహాలను అందరూ చూస్తారు, అవి రాయిలోంచి బయటికొచ్చే క్రమాన్ని చూసినవారు తక్కువ. ముఖం పొడవును ఒక తాళంగా పెట్టుకుని, దాన్నిబట్టి మిగతా శరీరమంతా లెక్కకట్టే తాళమానాన్ని శిల్పి నోట వినాలి. అది వింటూ ఉలి దెబ్బ పడే చోటు చూస్తే, ఇది చేతిపనీ, లెక్కల శాస్త్రమూ కూడానని అతిథికి తెలిసొస్తుంది. వేదికమీద ఇచ్చే జ్ఞాపికను కూడా అదే శిల్పి దగ్గర కొంటే ఎంత బాగుంటుంది!

చెప్పే మనిషి విలువ అన్నిటికన్నా ఎక్కువగా తెలిసేది జ్వాలాపురంలో. యాగంటి వైపు జుర్రేరు లోయలో ఉన్న ఈ ఊళ్లో తెల్లటి బూడిద పొర ఒకటి ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద అది. ఆ పొరకు కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం 2007లో సైన్స్ పత్రికలో ప్రకటించింది. అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికి ఉండవచ్చని దాని సారాంశం. ఈ సంగతి తెలియనివారికి అది వట్టి సుద్దమట్టి. దాన్ని తవ్వి అమ్ముకున్నారు కూడా. కథ తెలియని చోటును కాపాడుకోవాలని ఎవరికీ తోచదు.

ఇంకా సమయముంటే కోయిలకుంట్ల వెళ్లవచ్చు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసింది అక్కడే. వ్యవసాయ సదస్సుకు వచ్చినవారికి 1906లో నంద్యాలలో మొదలైన పరిశోధనా కేంద్రం చూపించాలి. నరసింహ పత్తి వంగడం అక్కడిదే.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. సదస్సులో చివరి పూట యాత్రకు కేటాయించాలి. ఒక గ్రంథాలయాధికారినీ, ఒక చరిత్ర అధ్యాపకుణ్నీ, ఒక శిల్పినీ కూర్చోబెట్టి ఏం చెప్పాలో ముందే రాసుకోవాలి. వారికి తగిన పారితోషికం ఇవ్వాలి. వెంట నడిచి చెప్పే పని విద్యార్థులకు నేర్పాలి. బయటివారికి చెప్పడానికి సిద్ధపడే పిల్లలు ముందు తమ ఊరి గురించి తాము చదువుకుంటారు. అతిథి పొందేదానికన్నా ఆ పిల్లలు పొందేదే ఎక్కువ. ఈ యాత్రలు జరగాలని నేను పట్టుబట్టేది ముఖ్యంగా వారికోసమే.