లోదెబారులో ఒక గాడిద

అనంతపురం నుండి కదిరికి పోయే రోడ్డు మీద బత్తలపల్లి వైపు ప్రయాణం చేస్తే రెండు ప్రక్కల ఎర్రనేల, బోడిగుట్టలు, అక్కడక్కడ చీనీ తోటలు, వానకోసం ఎదురుచూసే శెనక్కాయ చేలు కనబడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే సీమ ఇది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపివేస్తాయి. ఈశాన్యపు వానలు తూర్పుతీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయి బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. కరవు మాత్రం రెండు జిల్లాలకూ ఉమ్మడి ఆస్తిగానే మిగిలింది.

ఈ నేలను చూసినప్పుడు లోదెబారు జ్ఞాపకం వస్తుంది. ఆ పేరుకు మేత లేని చోటు అని అర్థం చెబుతారు. అయిదేండ్ల వయస్సులో దాది చేతిలోనుండి పడి రెండు కాళ్ళూ కుంటుబడిన మెఫీబోషెతు అక్కడే పరుల యింట దాగి బ్రతికాడు.

మన పల్లెలలోనూ మెఫీబోషెతులు ఉన్నారు. పుట్టగానే ఏడవని బిడ్డ, నెలలు నిండక పుట్టిన బిడ్డ, కామెర్లు ముదిరిన బిడ్డ, వీరిలో కొందరికి మెదడు దెబ్బతిని కాళ్ళు చేతులు బిగుసుకుపోతాయి. దీనినే సెరిబ్రల్ పాల్సీ అంటారు. పదేండ్ల బిడ్డను చంకనెత్తుకొని బస్సెక్కే తల్లి నడుము సంగతి ఎవరికి తెలుసు? కరవు ఏట తల్లిదండ్రులు బెంగళూరుకు కూలికి వలసపోతే ఆ బిడ్డ అవ్వ దగ్గర మంచం మీద మిగిలిపోతాడు. పైగా ఇది ఎవరి పాపమో అని ఇరుగుపొరుగు గుసగుసలు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో శిష్యులు అడిగిన ప్రశ్న అదే. ప్రభువు దానిని త్రోసివేశాడని మరువరాదు.

ఈ సీమకు 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు వచ్చారు. స్పెయిన్ దేశస్థుడైన ఆయన, భార్య అన్నె ఫెర్రర్ గారు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ద్వారా బావులు, ఇండ్లు, బడులతోపాటు వికలాంగుల పనిని కూడ చేపట్టారు. పల్లెల్లో వికలాంగుల సంఘాలు, ప్రత్యేక పాఠశాలలు, బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి వెలిశాయి. ఫెర్రర్ గారు 2009 జూన్ 19న కన్నుమూశారు. ఆయన సమాధి బత్తలపల్లిలోనే ఉన్నది.

ఇట్టి బిడ్డలకు గుర్రపు స్వారీ మేలు చేస్తుందంటే మనవారు ఆశ్చర్యపడతారు. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండకు తరలివచ్చినప్పుడు ఈ నేల ఎన్నో గుర్రాలను చూసింది. నేడు గుర్రమంటే మనకు పెండ్లి ఊరేగింపే. అయితే డెన్మార్కులో లిస్ హార్టెల్ అనే స్త్రీకి 1944లో పోలియో వచ్చి మోకాళ్ళ క్రింద కాళ్ళు చచ్చుబడ్డాయి. గుర్రమెక్కడానికీ దిగడానికీ ఇతరుల సాయం కావలసిన ఆమె 1952లో హెల్సింకి ఒలింపిక్ పోటీలలో గుర్రపు స్వారీలో వెండి పతకం గెలిచింది. తరువాత ఐరోపాలో ఈ చికిత్స వ్యాపించింది. ఫెర్రర్ గారు అనంతపురం వచ్చిన 1969లోనే బ్రిటన్‌లో వికలాంగుల స్వారీ సంఘం ఏర్పడింది.

ఇందులో మంత్రమేమీ లేదు. గుర్రం మెల్లగా నడిచేటప్పుడు దాని వీపు ముందుకు వెనుకకు, ప్రక్కలకు కదులుతూ కొద్దిగా మెలి తిరుగుతుంది. మనిషి నడిచేటప్పుడు నడుము కదిలే తీరు కూడ అదే. నడవలేని బిడ్డ నడుముకు నడక ఎట్లుంటుందో ఆ కదలిక నేర్పుతుంది. గుర్రపు ఒంటి వెచ్చదనానికి బిగిసిన కండరాలు కొంత సడలుతాయి. నిటారుగా కూర్చునే శక్తి, నిలకడ మెరుగుపడవచ్చు. ఇది రోగాన్ని పూర్తిగా పోగొట్టదు. ఒకరు కళ్ళెం పట్టాలి, ఇరుప్రక్కల ఇద్దరు నడవాలి, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు దగ్గరుండాలి. తుంటి జారిన బిడ్డకు, వెన్ను బలంలేని బిడ్డకు ఇది ప్రమాదం. కనుక ఊరిలోని గుర్రం మీదనో ఎద్దు మీదనో బిడ్డను ఎక్కించి చూడవద్దు.

గుర్రం లేదని చింతించనక్కరలేదు. ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామాలు దినదినము చేయించడం, సరియైన కుర్చీలో కూర్చోబెట్టడం, వికలాంగ ధ్రువపత్రం తీసుకోవడం, బడిలో చేర్చడం మన చేతిలోనివే. 2016 చట్టం సెరిబ్రల్ పాల్సీని కూడ వైకల్యాల పట్టికలో పేర్కొన్నది. బడికి పోయే హక్కు ఆ బిడ్డకూ ఉన్నది.

మెఫీబోషెతు కథలో మనం తరచు చదవకుండా దాటిపోయే భాగం ఒకటున్నది. దావీదు యెరూషలేము విడిచి పారిపోయిన దినాన అతడు గాడిదకు గంత కట్టించుకొని రాజుతో పోవాలనుకున్నాడు. తాను కుంటివాడు గనుక జంతువు కావాలి, దానిని సిద్ధపరచే చేతులు కావాలి. పనివాడైన సీబా అతనిని మోసపుచ్చి విడిచిపోయాడు. రాజు బల్ల వద్ద చోటు దొరికినవాడు కూడ ఒక మనిషి సాయం అందక ఇంట నిలిచిపోయాడు.

ఆదివారం మన గుడి మెట్ల క్రింద ఎవరు నిలిచిపోతున్నారు? ఏ యింటి మంచం మీద ఎవరున్నారు? యౌవనస్థులు ఇద్దరు వంతులవారీగా ఒక బిడ్డను ఎత్తుకొని వస్తే ఆ తల్లి ఒక్క ఆరాధనయినా నడుము నొప్పి లేకుండా కూర్చుంటుంది. మెట్ల ప్రక్కన ఒక వాలుబాట కట్టడానికి నాలుగు బస్తాల సిమెంటు, ఒక దినపు శ్రమదానం చాలవచ్చు. సీబా కట్టకుండా విడిచిన గంతను మన సంఘం కట్టును గాక.