బండ్లమొట్టు మీద గోధుమరంగు గీతలు

వినుకొండ దాటాక బండ్లమొట్టు దారంతా మిర్చి కళ్లాలే. ఆ ఘాటుకి బస్సులో సగంమంది తుమ్ముతూనే ఉన్నారు. నా కళ్లు మాత్రం ఒళ్లోని 56 పి/12 మీదే ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపోషీటు నకలు అది. నేల మీద మైలు దూరం కాగితం మీద ఒక్క అంగుళం.

అగ్నిగుండాల వైపు రాగి, బండ్లమొట్టులో సీసం. నల్లమల రాళ్లు మడతలు పడ్డచోట, డోలమైటులో ఇరుక్కున్న ఖనిజం. హిందుస్థాన్ జింక్ వారు ఇక్కడ సీసం తవ్వారు. ఇప్పుడు గని మూతపడింది. నా షీటు తవ్వకాలకు ముందుది కాబట్టి అందులో కొండ చెక్కుచెదరలేదు.

షీటు మీది గీతలంటే నాకు భక్తి. ప్రతి 50 అడుగుల ఎత్తుకీ గోధుమరంగు గీత ఒకటి, ఎండిన వాగు నలుపు, నీళ్లున్నది నీలం. వీటి వెనక 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సర్వేయరు లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణాల కొలత ఉంది. ప్లేన్ టేబులు మోసుకుంటూ ముళ్లకంపల్లో కొండలెక్కిన కలాసీల పేర్లు మాత్రం షీటులో ఎక్కడా లేవు. ఉండాల్సింది.

బండ్లమొట్టులో దిగి టీకొట్టు బల్ల మీద షీటు పరిచాను. గనిలో పనిచేసిన పెద్దాయన ఒకరు వంగి చూశారు.

"ఏంది బాబూ ఈ గీతలు?"

చెప్పాను. వెంటనే పట్టేశారు.

"మాకు లోపల లెవెళ్లు ఉండేయి. ఇయ్యి కొండ పైన లెవెళ్లన్న మాట. ఇదిగో, గీతలు ఇరుక్కున్నయ్యి చూడు, ఇక్కడ ఎక్కలేవు. మేం ఈ పక్క నుంచి పోయేవోళ్లం."

సర్వేయరు పైనుంచి కొలిచిన కొండని ఆయన లోపలినుంచి ఎరుగుదురు. ఏ జియాలజీ పుస్తకమూ నాకు అంత బాగా ఆ కొండని చూపించలేదు. మధ్యాహ్నం వాళ్లింట్లో పండుమిరపకాయ పచ్చడి, వేడన్నం, నెయ్యి. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా మారు వడ్డించుకున్నాను.

మర్నాడు వినుకొండ కొండెక్కి రామలింగేశ్వరుణ్ణి చూసి, మళ్లీ బండ్లమొట్టుకే వచ్చాను. ఈసారి 20 మీటర్లకో గీత ఉన్న 50 వేల స్కేలు షీటు తెచ్చాను. ఆయన అప్పటికే పాత సావాసగాణ్ణి పిలిపించి ఉంచారు. గని క్యాంటీను వాగుకి ఇవతలా అవతలా అని ఇద్దరికీ వాదన. పెన్సిలు వాళ్ల చేతికిచ్చాను. రెండుచోట్లా గుర్తుపెట్టి, మందుగుండు కొట్టు సంగతికొచ్చారు.