అటకమీది కోతుల దీవి

ఒక పెద్ద కంపెనీ ఇంకో కంపెనీని కొన్నదని తెలియగానే మదుపరులు షేరు ధర చూస్తారు, పాత ఆటల అభిమానులు అటక వంక చూస్తారు. 2012 అక్టోబరు 30న లూకాస్‌ఫిల్మ్‌ను 405 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు డిస్నీ ప్రకటించినప్పుడు లోకమంతా కొత్త స్టార్ వార్స్ సినిమాల గురించి మాట్లాడుకుంది. ఓ చిన్న గుంపుకు మాత్రం వేరే బెంగ పట్టుకుంది. ఆ బేరంలో లూకాస్‌ఆర్ట్స్ అనే ఆటల విభాగమూ ఉంది. 1990 నాటి ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’, 1993 నాటి ‘డే ఆఫ్ ది టెంటకిల్’, 1998 నాటి ‘గ్రిమ్ ఫండాంగో’ దాని సొత్తే. మంకీ ఐలాండ్‌లో కత్తియుద్ధం గెలిచేది చేతి నేర్పుతో కాదు, ఎదుటివాడి తిట్టుకు దీటైన జవాబు చెప్పి. (చాటువుల రుచి మరిగిన తెలుగువాడికి ఈ సరదా విడమరిచి చెప్పనక్కర్లేదు.) డిస్నీలాండ్‌లోని సముద్రపు దొంగల పడవ విహారమే ఈ ఆటకు ప్రేరణ అని దాని సృష్టికర్త రాన్ గిల్బర్ట్ చెప్పుకున్నాడు. కాబట్టి ఆట పుట్టింటికి చేరిందని కొందరు సంబరపడ్డారు. సొంత సముద్రపు దొంగల సినిమాలున్న డిస్నీ దీన్ని పెట్టెలో పెట్టి తాళం వేస్తుందని మరికొందరు దిగులుపడ్డారు.

దిగులుపడ్డవాళ్ల మాటే నిజమైనట్టు మొదట్లో కనిపించింది. 2013 ఏప్రిల్ 3న లూకాస్‌ఆర్ట్స్‌లో ఆటల తయారీ ఆపేశారు. సుమారు 150 మంది ఉద్యోగాలు పోయాయి. ‘స్టార్ వార్స్ 1313’ సగంలో ఆగింది. నెల తిరిగేసరికి స్టార్ వార్స్ ఆటల లైసెన్సు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేతికి వెళ్లింది. ఆ 150 మంది నష్టాన్ని ఏ వాదంతోనూ చిన్నది చేయలేం. కానీ పాత ఆటల సంగతి వేరు, వాటికి తాళం పడింది అంతకు చాలా ముందే. ‘ఫుల్ త్రాటిల్’ రెండో భాగాన్ని 2003లో, ‘శామ్ అండ్ మ్యాక్స్’ కొత్త ఆటను 2004లో రద్దుచేసింది ఏ పరాయి యజమానో కాదు, లూకాస్‌ఆర్ట్సే. స్టార్ వార్స్ కామధేనువులా పాలిస్తుంటే ముసలి ఆవుకు గడ్డి ఎవరు వేస్తారు? 2008లో డారెల్ రోడ్రిగ్జ్ అధ్యక్షుడయ్యాక పరిస్థితి కాస్త మారింది. 2009లో మంకీ ఐలాండ్ మెరుగులు దిద్దుకుని వచ్చింది, మరుసటేడు రెండో భాగమూ వచ్చింది. 2010లో ఆయన వెళ్లిపోయాడు, ఆ ఉత్సాహమూ ఆయనతోనే పోయింది. కంపెనీ అదే, యజమానీ మారలేదు, మారింది అధ్యక్షుడి కుర్చీలో మనిషి. నా వాదానికి మొదటి ఆధారం ఇదే: పాత ఆట బతుకు యజమాని పేరుమీద కన్నా, కాగితంమీద సంతకం పెట్టగల ఒక మనిషి ఇష్టంమీద ఎక్కువ ఆధారపడుతుంది.

రెండో ఆధారం డిస్నీ హయాంలోనే దొరుకుతుంది. 2014 అక్టోబరులో లూకాస్‌ఆర్ట్స్ పాత ఆటలు కొన్ని జీఓజీ ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకానికొచ్చాయి. ‘గ్రిమ్ ఫండాంగో’ 2015లో, ‘డే ఆఫ్ ది టెంటకిల్’ 2016లో, ‘ఫుల్ త్రాటిల్’ 2017లో కొత్త మెరుగులతో వచ్చాయి. మూడింటినీ చేసింది టిమ్ షేఫర్ నడిపే డబుల్ ఫైన్, అంటే ఆ ఆటల్ని కన్న చేతులే. 2022 సెప్టెంబరులో గిల్బర్టే ‘రిటర్న్ టు మంకీ ఐలాండ్’ తెచ్చాడు. 1992లో లూకాస్‌ఆర్ట్స్ వదిలి వెళ్లిన మనిషి, ముప్ఫై ఏళ్ల తర్వాత! ఇది డిస్నీ ఔదార్యం కాదు. సొంతంగా దున్నడం మానుకున్న భూస్వామి పొలాన్ని కౌలుకిస్తాడు, అంతే. పైగా ఈ ఆటలు డిస్నీ లెక్కల పుస్తకంలో ఎంత చిన్నవంటే, ఇవ్వొద్దని అడ్డుపడేంత తీరిక పైవాళ్లకు ఉండదు. లోపల ఒక్కరు పూనుకుంటే చాలు.

కౌలుదారుకు పట్టా ఉండదు కదా అంటే నిజమే. మంకీ ఐలాండ్ హక్కులు తనకు అమ్మమని 2016లో గిల్బర్ట్ బహిరంగంగానే అడిగాడు, అమ్మలేదు. అమెరికా చట్టం ప్రకారం కంపెనీ సొత్తుగా పుట్టిన కృతికి ప్రచురణ నుంచి 95 ఏళ్ల రక్షణ, కాబట్టి 1990 నాటి ఆట 2085 ఆఖరుదాకా ఎవరో ఒకరి జేబులోనే ఉంటుంది. ఇది అన్యాయమే. అయినా కౌలుకివ్వడానికైనా భూమి ఎవరిదో తేలాలి. ‘నో వన్ లివ్స్ ఫరెవర్’ కథ చూడండి. మోనోలిత్ తయారుచేసి, ఫాక్స్ ఇంటరాక్టివ్ 2000లో విడుదల చేసిన ఆట అది. చేతులు మారీ మారీ వార్నర్, యాక్టివిజన్, ఫాక్స్ ముగ్గురికీ వాటా ఉండొచ్చన్న స్థితికొచ్చింది. నైట్ డైవ్ సంస్థ దాన్ని మళ్లీ తేవాలని చూసి చేతులెత్తేసింది. అక్కడ ఆటను తొక్కిపెట్టిన దుర్మార్గుడు ఒక్కడే అని చెప్పలేం. వార్నర్ ఒప్పుకోలేదు, మిగతావాళ్లకు దస్తావేజులు వెతికే ఓపిక లేదు, అంతే. నన్నడిగితే ఒకే రాక్షస యజమాని కన్నా ముగ్గురు నిర్లిప్త వాటాదారులు ప్రమాదం. అమెరికాలో వచ్చిన పాత ఆటల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది.

పాత ఆటల్ని నేటి కంప్యూటర్లలో ఆడించే స్కమ్‌వీఎమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉండగా యజమానుల గొడవ మనకెందుకు అనేది ఇంకో ప్రశ్న. 2001 నుంచి స్వచ్ఛందంగా ఆ పని చేస్తున్నవాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ అమ్ముడైన డిస్కులో ఉన్నదాన్నే వాళ్లు ఆడించగలరు. డిస్కులో పట్టించడానికి కుదించిన గొంతులు, సంగీతం, బొమ్మల అసలు ప్రతులు మిగిలుంటే అవి యజమాని గోదాములోనే ఉంటాయి. ఆ తలుపు బయటివాళ్లు తెరవలేరు.

68.7 బిలియన్ డాలర్లు పోసి 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్‌ను సొంతం చేసుకున్నప్పుడూ అభిమానులు తమకు కావలసిన కొత్త భాగాల జాబితాలు రాసుకున్నారు. 1984 నాటి ‘కింగ్స్ క్వెస్ట్’ వాటిలో ఉంది. దాన్ని కన్న సియెరా ఎన్నో చేతులు దాటి అక్కడికి చేరింది. ఆ జాబితాల్లో కనబడని ప్రశ్న ఒకటుంది: ఇన్ని ఆఫీసులు మారిన దారిలో, సియెరా బీరువాలోని టేపుల పెట్టెను లారీ ఎక్కించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?