అది కాకుండా?

ఒసాకాలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లినప్పుడు ల్యాబ్‌లో నా పక్క సీటు వాడిది హిరోషిమా. ఆ పేరు వినగానే నా మొహం ఎలా మారిందో గానీ, వాడు నవ్వేసి "అందరూ ఇలాగే చూస్తారు. ఒకసారి మా ఊరు రా, చూపిస్తా" అన్నాడు.

ఒక ఆదివారం సాయంత్రం షింకన్‌సెన్ ఎక్కితే గంటన్నరలో దిగాం. వాళ్లింట్లో ఎనభై తొమ్మిదేళ్ల అమ్మమ్మ ఉంది. టీ, మేపుల్ ఆకు ఆకారంలో ఉండే మోమిజి మంజు కేకులు పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. మన అమ్మమ్మలకీ ఆవిడకీ భాషే తేడా.

నా ఫోన్లో లిస్టు రెడీగా ఉంది: ఆటంబాంబ్ డోమ్, మ్యూజియం, పీస్ పార్క్, మియాజిమా. అది చూసి వాడు ఏమీ అనలేదు. "రేపు ఏడున్నరకల్లా ట్రామ్ స్టాప్‌లో ఉండాలి" అన్నాడంతే.

ట్రామ్‌లో చూడ్డానికేముంది అనుకున్నా. పొద్దున్నే ఆఫీసులకీ బడులకీ వెళ్లే జనంతో స్టాప్ నిండిపోయింది. వాడు తల మీద కార్ప్ బేస్‌బాల్ జట్టు ఎర్ర టోపీ పెట్టుకుని, పొడవాటి కొత్త ట్రామ్‌లు మూడు వదిలేశాడు. తర్వాత ఒంటి పెట్టె పాత ట్రామ్ ఒకటి కిర్రుమంటూ వచ్చింది. నంబరు 651. "అదృష్టం! ఎక్కు" అన్నాడు.

1945 ఆగస్టు 6 ఉదయం 8:15కి బాంబు పేలినప్పుడు ఈ ట్రామ్ అక్కడికి సుమారు 700 మీటర్ల దూరంలో ఉంది. కాలిపోయింది. బాగుచేసి మరుసటి ఏడాది మళ్లీ పట్టాలెక్కించారు. ఇప్పటికీ జనాన్ని పనులకి దింపుతూనే ఉంది. వాడు ఇంకోటి చెప్పాడు. మగవాళ్లంతా యుద్ధానికి పోతే, ట్రామ్ కంపెనీ 1943లో ఆడపిల్లల కోసం ఒక బడి పెట్టి, చదువు చెబుతూనే వాళ్లని కండక్టర్లుగా, డ్రైవర్లుగా పెట్టుకుంది. ఇంటర్ చదివే వయసు కూడా రాని పిల్లలున్నారు వాళ్లలో. బాంబు పడిన మూడు రోజులకే, ఆగస్టు 9న, ఒక చిన్న ముక్క దారిలో ట్రామ్ తిరిగింది. మిగిలిన ఆ పిల్లల్లో కొందరు మళ్లీ డ్యూటీకి వచ్చారు.

మా పక్కన ఒక పెద్దాయన సీట్లో కునుకు తీస్తున్నాడు. ఆ ట్రామ్‌లో ఫోటో తీస్తున్నది నేనొక్కణ్నే.

డోమ్ దగ్గర దిగాం. 1915లో కట్టిన ప్రదర్శనశాల అది. డిజైన్ చేసింది యాన్ లెట్సెల్ అనే చెక్ ఆర్కిటెక్ట్. సివిల్ స్టూడెంట్‌ని కదా, నోరాగలేదు. "బాంబు 600 మీటర్ల ఎత్తులో, దాదాపు నెత్తి మీదే పేలింది. ఒత్తిడి పక్క నుంచి కాకుండా పైనుంచి వచ్చింది కాబట్టే ఈ గోడలు నిలబడ్డాయి" అని చేతులూపుతూ చెప్పేశాను. వాడు శ్రద్ధగా విన్నాడు. విన్నాక మెల్లగా అన్నాడు: "మా అమ్మమ్మ వాళ్లక్క ఆ రోజు ఈ దగ్గర్లోనే పనికి వచ్చింది. మంటలు పాకకుండా ఇళ్లు కూల్చి ఖాళీ చేయడానికి బడిపిల్లల్ని తెచ్చేవాళ్లు. దొరకలేదు."

నా చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

మ్యూజియంలోకి వాడు రాలేదు. "స్కూల్ నుంచి చాలాసార్లు వచ్చా, నువ్వు వెళ్లు" అన్నాడు. లోపల మూడేళ్ల పిల్లాడి ట్రైసైకిల్ ఉంది. వాళ్ల నాన్న దాన్ని కొడుకుతో పాటే పూడ్చిపెట్టి, నలభై ఏళ్ల తర్వాత తవ్వి తీసి ఇచ్చాడట. దాని ముందు నిలబడితే ఒకటే తిరిగింది బుర్రలో. దీన్ని చేసింది రాక్షసులు కాదు. లెక్కలు బాగా వచ్చినవాళ్లు, మనలాగే ల్యాబుల్లో రాత్రిళ్లు మేలుకున్నవాళ్లు.

బయటికొచ్చాక నాకు మాట రాలేదు. వాడే ఒకొనొమియాకి తినడానికి తీసుకెళ్లాడు. మా ముందే పెనం మీద పల్చటి అట్టు పోసి, దాని మీద గుట్టలా క్యాబేజీ, తర్వాత నూడుల్స్, చివర్లో గుడ్డు వేశారు. పెనం మీది నుంచే చిన్న అట్లకాడతో కోసుకుని తినాలి. యుద్ధం తర్వాత బియ్యం దొరక్క, పిండితో కడుపు నింపిన తిండి ఇదని చెప్పాడు. ఇప్పుడు ఊరంతా దానికోసం క్యూ కడుతోంది.

తింటూ అడిగాడు: "మీ ఊరు దేనికి ఫేమస్?"

"దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్ల మీద పడి వేలమంది పోయారు."

"అది కాకుండా?"

నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. నన్ను అలా ఎవరూ అడగలేదు. నా ఊరి గురించి ఎవరికి చెప్పినా నేను ఉప్పెనతోనే మొదలుపెడతాను, వాళ్లూ అక్కడే ఆగిపోతారు. ఆలోచించుకుని చెప్పాను. హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలుస్తుంది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. దగ్గర్లోని శ్రీకాకుళంలోనే ఆంధ్ర మహావిష్ణువు రాయలవారికి కలలో కనబడి ఆముక్తమాల్యద రాయమన్నాడు. మా తాతయ్య పడవ నడుపుతూ పద్యాలు పాడేవాడు. వాడు అట్లకాడ పక్కన పెట్టి మరీ విన్నాడు.

అప్పుడు నేనడిగాను: "మీ అమ్మమ్మ వాళ్లక్క ఎలా ఉండేది? ఆ రోజు కాకుండా?"

వాడు చాలాసేపు పెనం వైపే చూశాడు. "తెలీదు. ఎప్పుడూ అడగలేదు" అన్నాడు.

ఆ పూట మియాజిమా వెళ్లలేదు. లిస్టులో అది అలాగే మిగిలిపోయింది.

రెండు వారాల తర్వాత వాడు మళ్లీ ఊరెళ్లొచ్చాడు. సోమవారం ల్యాబ్‌లోకి వస్తూనే బ్యాగ్ కూడా దించకుండా నా దగ్గరికొచ్చాడు.

"చెట్లెక్కేదట. పక్కింటివాళ్ల చెట్టెక్కి కాకి పళ్లు కోసి, కింద ఉన్న మా అమ్మమ్మ ఒళ్లో పడేసేదట. దొరికితే తిట్లన్నీ అమ్మమ్మకే."

కాకి అంటే మన కాకి కాదు, టమాటాలా ఉండే తియ్యటి పండు. ఆ సంగతి నేను తర్వాత తెలుసుకున్నా. అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.