ఆపా దర్ద్

జడ వేసుకున్నా, దండెం మీద బట్టలు ఆరేసినా ఆపాకి కుడిచేతి చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారేవి. మెడ నుంచి అరచేతి దాకా దర్ద్. ఎక్స్‌రే, నరాల పరీక్ష అన్నీ సాఫ్. అమ్మీ నజర్ తీసింది. నేనేమో "వహం హై ఆపా" అన్నాను. అలా రెండేళ్లు.

చివరికి ఒక డాక్టర్ సాబ్ రెండు చేతులూ పైకెత్తి మూడు నిమిషాలు గుప్పిళ్లు మూసి తెరవమన్నారు. నిమిషం తిరక్కుండానే ఆపా కుడిచెయ్యి వాలిపోయింది. థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అట. చేతికి దిగే నరాలు మెడ కండరాల మధ్య, కాలర్ ఎముకకీ మొదటి పక్కటెముకకీ మధ్య నలిగిపోతాయి. చాలామందికి రిపోర్టులు సాఫ్‌గానే వస్తాయన్నారు.

నెలల తరబడి ఫిజియోథెరపీ చేసినా తగ్గలేదు. ఆపరేషన్ చేసి ఆ పక్కటెముక తీసేశారు, నరాలను నొక్కుతున్న కండరాన్ని కోశారు.

చిటికెనవేలి తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది. అయినా మొన్న ఫజర్ తర్వాత దువాకి ఎత్తిన చేతులు ఆపా చాలాసేపు దించలేదు.

వార్తకి సబూత్ అడగడం నా నౌకరీ. సగీ ఆపా దర్ద్‌కి కూడా అడిగాను. మాఫ్ చేయమంటే, "ఛోడ్ రే, చాయ్ తాగు" అంది.