వెదురు చిగురు

చైనా వంట గురించి నాకు తెలియనిది లేదని నమ్మిన రోజుల్లో నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేసేవాణ్ణి. 1999. వైటూకే పుణ్యమా అని మాబోటి వాళ్ళం తట్టాబుట్టా సర్దుకుని అమెరికాలో దిగిన కాలం. నా పరిజ్ఞానమంతా హైదరాబాదులో సంపాదించినదే. అమీర్‌పేటలో కంప్యూటర్ క్లాసు అయ్యాక బండి దగ్గర నిలబడి తిన్న గోబీ మంచూరియా, ఎవరికైనా ఉద్యోగమొచ్చి పార్టీ ఇస్తే ఏసీ హోటల్లో తాగిన వెజ్ హాట్ అండ్ సోర్ సూప్. మంచూరియా అన్నది చైనాలో పుట్టనే లేదనీ, నెల్సన్ వాంగ్ అనే కలకత్తా చైనీయుడు 1975 ప్రాంతంలో బొంబాయిలో మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చికి సోయా సాస్ జోడించి తయారు చేశాడని చెప్తారనీ అప్పటికి నేను వినలేదు. వింటే మాత్రం తగ్గేవాణ్ణా?

ఇంకో సంగతి ఇక్కడే చెప్పేయాలి. మాది ముక్క ముట్టని ఇల్లు. తెనాలిలో మా అమ్మ కోడిగుడ్డు వండే ఇంట్లో మంచినీళ్ళు పుచ్చుకోవడానికి కూడా ఆలోచించేది. నేను మాత్రం ఇంజనీరింగ్ హాస్టల్లోనే కట్టుతప్పి, అమెరికా చేరేసరికి ఏదీ వదలని స్థితికొచ్చాను. ఫోన్లో అమ్మ “ఏం తిన్నావురా” అంటే, “పప్పూ పెరుగన్నం” అనేవాణ్ణి. అలా అంటున్నప్పుడు తరచు నా ఎదురుగా ఇనప తీగ పిడి ఉన్న తెల్ల అట్టపెట్టె, అందులో జనరల్ సో చికెన్ ఉండేవి. పేరు గొప్పగా ఉంటుంది కానీ 1885లో పోయిన ఆ సేనాపతి దాన్ని రుచి చూసిన పాపాన పోలేదు. హునాన్ నుంచి తైవాన్‌కి వలసపోయిన పెంగ్ చాంగ్ క్వే అనే వంటవాడు 1950ల్లో చేసిన వంటకం, తర్వాత న్యూయార్క్ చేరి, అక్కడి నాలుకల కోసం చక్కెర పాకం పట్టింది. నాకు ప్రాణం.

ఆ పెట్టె వచ్చేది మా అపార్టుమెంటుకి నడిచి వెళ్ళేంత దూరంలో, లాండ్రీకీ పిజ్జా కొట్టుకీ మధ్య ఉన్న ఒక పాత చైనీస్ హోటల్ నుంచి. అమెరికా శివారు ఊళ్ళు చూసినవాళ్ళకి అలాంటి హోటల్ చెప్పక్కర్లేదు. గుమ్మం పక్కన చేపల తొట్టి, గోడ మీద బంగారు రంగు డ్రాగను, ఎర్ర కాగితపు లాంతర్లు, పగిలినచోట టేపు అంటించిన ఎర్ర రెగ్జిను సోఫాలు. కూర్చోగానే స్టీలు కెటిల్లో టీ, గిన్నెలో కరకరలాడే వేయించిన నూడుల్స్, నంజుకోవడానికి నారింజ రంగు తియ్యటి సాస్. గల్లా దగ్గరా బల్లల దగ్గరా అన్నీ తానే అయి తిరిగే ఒక పెద్దావిడ. నేను లోపలికి అడుగుపెడితే చాలు, అడగకుండానే వంటింటి వైపు తిరిగి నా ఆర్డరు కేకేసేది.

అమ్మా నాన్నా వచ్చిన వేసవిలో నేను ఆ వీధిలోకే పోకుండా జాగ్రత్త పడ్డాను. ఏం లాభం? పొద్దున్నే నడకకి వెళ్ళిన నాన్న అద్దంలోంచి చేపల్ని చూసొచ్చి, “ఆ హోటల్ శుభ్రంగా ఉందిరా, శనివారం రాత్రి అక్కడికే వెళ్దాం” అన్నారు. వద్దనడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం ఏదీ లేదు.

బల్ల మీద పరిచిన కాగితంలో పన్నెండు జంతువుల బొమ్మలు, వాటి కింద సంవత్సరాలూ ఉన్నాయి. నాన్న కళ్ళజోడు సవరించుకుని 1938 వెతుక్కున్నారు. “నన్ను పులి అంటున్నారే వీళ్ళు! మనకి బహుధాన్య.” వాళ్ళకీ అరవై ఏళ్ళకో చక్రం ఉంటుందని నేనెక్కడో చదివింది చెప్తే, షష్టిపూర్తి వాళ్ళూ చేసుకుంటారా అని అడిగారు. అమ్మ 1944, కోతి. దాని మీద నాన్న వేసిన జోకు ఇక్కడ రాయను.

పెద్దావిడ నన్ను చూసి నవ్వుతూ వచ్చింది. నాకు గుండె జారింది. ఆవిడ నోరు తెరిచి “జనరల్” అనేలోపే మెనూ లాక్కుని, “మేం శాకాహారులం, వెజిటేరియన్, ముగ్గురమూ” అని గడగడా అప్పజెప్పాను. ఆవిడ నా మొహం చూసింది, అమ్మ బొట్టూ చీరా చూసింది, పెన్సిలు తీసింది. కాంబినేషన్ డిన్నర్లు చెప్పాను, కూరగాయలూ టోఫూ. వాటితో సూపు, ఎగ్ రోల్, ఫ్రైడ్ రైస్ ఉచితం. సూపు హాట్ అండ్ సోర్ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, మెనూలో ఇంకో సూపు మీద పెన్సిలుతో కొట్టింది. కూరగాయలూ టోఫూ వేసినది, ఇద్దరికి సరిపోయేది. అది ఉచితం కాదు, విడిగా డబ్బు కట్టాలి. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. “హాట్ అండ్ సోరే” అన్నాను. ఆవిడ ఏదో చెప్పబోయింది. ఎక్కువసేపు నిలబడితే నా గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని, చెయ్యి ఊపి పంపించేశాను.

సూపు వచ్చింది. చిక్కగా, ముదురు గోధుమ రంగులో, పైన ఉల్లికాడలు. నాన్న ఒక గుక్క తాగి, “మన మిరియాల చారే!” అన్నారు. తప్పేం కాదు, అందులో కారం తెల్ల మిరియాలదే, పులుపు వెనిగర్‌ది. అమ్మకి తెగ నచ్చింది. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి ఆవిడ బయటి తిండిని మెచ్చుకుంది. నేనూ తాగుతున్నాను. బావుంది. ఎందుకంత బావుందో నాలుక అప్పుడే చెప్పింది, నేనే వినలేదు. ఎగ్ రోల్స్ ఇంకా రాలేదే అన్న చింతలో ఉన్నాను. మెనూలో రాసినవి ఎగ్గొడతారా? పిలిచి, కాస్త గట్టిగానే అడిగాను.

ఆవిడ నా చెవి దగ్గరకి వంగింది. ఎగ్ రోల్ లోపల పంది మాంసం ఉంటుందట. ఫ్రైడ్ రైస్ కూడా పంది మాంసం వేసినదే కాబట్టి తెల్లన్నం పెట్టమని చెప్పిందట. అంత గొంతు తగ్గించి ఆవిడ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మరి సూపో అని అడిగాను. అడిగానన్నది మాటవరసకే, నోట్లోంచి శబ్దం రాలేదు. ఆవిడ నా వైపు అదోలా చూసింది. చెప్పబోతే నువ్వే కదా చెయ్యి ఊపావు అన్నట్టు.

అప్పుడు చూశాను నా చెంచాలోకి. ఆ సూపులో పడేవన్నీ అగ్గిపుల్లల్లా సన్నగా, ఒకే కొలతలో తరుగుతారు. తెల్లనివి టోఫూ. నల్లగా ముడతలు పడ్డవి చెట్టు మీద మొలిచే పుట్టగొడుగులు. లేత పసుపువి వెదురు చిగుళ్ళు. వాటి మధ్య అదే పొడుగు, అదే మందం, కొంచెం బూడిద రంగువి. వాటికే నార అడ్డంగా కాకుండా నిలువుగా ఉంది. చిక్కదనంలో దారాల్లా తేలుతున్నది కోడిగుడ్డు. ఆ బల్ల దగ్గర ఆ ముక్క ఏమిటో గుర్తుపట్టగలవాణ్ణి నేనొక్కణ్ణే. అమ్మకి ఆ రుచి తెలీదు, నాన్నకి తెలీదు. ఇది మాంసమని నేనంటే, వాళ్ళ మొదటి ప్రశ్న ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

“ఏమంటోందిరా ఆవిడ?” అంది అమ్మ.

“ఎగ్ రోల్స్‌లో గుడ్డుందట, అందుకని తేలేదట.”

“ఎంత మంచి మనిషి! అడక్కుండానే చెప్పింది” అని, చెంచాతో ఒక ముక్క పైకెత్తి, “ఇదేంట్రా? నమిలే కొద్దీ రుచిగా ఉంది.”

“వెదురు చిగురమ్మా.”

ఇది జరుగుతున్నంతసేపూ నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో చెప్తే మీకు అసహ్యం వేస్తుంది. ఆపడానికి ప్రయత్నించలేదని కాదు. “చాల్లే అమ్మా, కడుపు నిండిపోతే కూరలు తినలేవు” అన్నాను. “డబ్బు పోసి కొన్నది పారేస్తామా” అని అడుగంటా తాగేసింది. ఉచితమే అని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. మీరైతే చెప్పేసేవారు కాబోలు. చెప్పేవాణ్ణనే నేనూ అనుకునేవాణ్ణి, ఆ రాత్రి వరకూ.

సోమవారం ఆఫీసులో పక్క సీటు యూదు పెద్దాయనకి చెప్పుకున్నాను. ఆయన కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. వాళ్ళకీ పంది నిషిద్ధం, మాంసం పాలూ కలపడం నిషిద్ధం. చైనా వంటలో పాల ఊసు దాదాపు ఉండదు కనక న్యూయార్క్ చుట్టుపక్కల యూదు కుటుంబాలు తరాలుగా ఆ హోటళ్ళకి అలవాటు పడ్డాయి. క్రిస్మస్ రోజున అక్కడ భోంచెయ్యడం వాళ్ళకో ఆనవాయితీ. “ఇంట్లో పంది పేరెత్తనివ్వని మా అమ్మమ్మ, అక్కడ ఎగ్ రోల్ లోపల ఏముందని ఏనాడూ అడిగేది కాదు. సన్నగా తరిగితే కనపడదుగా!” అన్నాడు.

అప్పటికి గానీ ఆ పెద్దావిడ చూపు నాకు అర్థం కాలేదు. కనపడనిది తిన్నట్టు కాదనుకునే జనానికి ఆవిడ ఏళ్ళ తరబడి వడ్డించింది. నా చికెన్ సంగతి తెలుసు, శాకాహారులమన్న నా ప్రకటన విన్నది, సూపు వద్దంటే నేను వినలేదు. వీడూ ఆ బాపతే అనుకుని ఊరుకుంది. అందులో తప్పేముంది, నేనా బాపతేగా. డబ్బు కోసం ఖరీదైన సూపు అంటగడుతోందని నేననుకుంటే, ఆవిడ అమ్మ కోసం తెల్లన్నం పెట్టమని వంటింట్లో చెప్పొచ్చింది.

ఆ హోటళ్ళ కథ తర్వాత చదివాను. 1882లో చైనా కూలీలు రాకూడదని అమెరికా చట్టం చేసింది. వ్యాపారులకి మినహాయింపు ఉండేది. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటలు యజమానులూ వ్యాపారుల లెక్కలోకి వచ్చారు. దాంతో తలా కొంత వేసుకుని హోటళ్ళు తెరిచి, వాటి పేరు మీద అయినవాళ్ళని రప్పించుకున్నారు. చట్టం 1943లో గానీ పోలేదు. ఎదుటివాడికి ఏది నచ్చుతుందో కనిపెట్టడం మీదే బతుకులు ఆధారపడ్డ వాళ్ళ దగ్గర, మంచూరియా తిన్న ధైర్యంతో నేను పెద్దరికం చేశాను. ఈసారి వెళ్ళినప్పుడు క్షమాపణ చెప్పాలనుకున్నాను. వెళ్ళగానే ఆవిడ వంటింటి వైపు తిరిగి “జనరల్ సో!” అని కేకేసి, “అమ్మ బావుందా?” అని అడిగింది. బావుందన్నాను. అంతకు మించి ఒక్క మాటా పెగల్లేదు.

అమ్మ మాత్రం తెనాలి వెళ్ళాక వీధి వీధంతా చెప్పింది. అమెరికాలో తను తిన్నవాటిలో వెదురు చిగుళ్ళ పులుసంత రుచి ఇంకేదీ లేదట. వచ్చేటప్పుడు కాసిని తెమ్మని పోరు పెడితే, చైనా కిరాణా కొట్లో డబ్బాలు కొని సూట్‌కేసులో పెట్టుకెళ్ళాను. చింతపండు, బెల్లం, మిరియాలు వేసి పులుసు కాచింది. పళ్ళెంలో ముక్క తీసుకుని నమిలి, మొహం అదోలా పెట్టింది.

“ఇది కాదురా. ఇవి చప్పగా బొండుమల్లె కాడల్లా ఉన్నాయి. ఆ ముక్కల రుచే వేరు.”

“అక్కడి వెదురు వేరమ్మా” అన్నాను.